భోజ్‌బాసాలో భూర్జ వృక్షాలు ఏమయ్యాయి

హిమాలయాల్లో బాగా ఎత్తున పెరిగే భూర్జ వృక్షపు బెరడైన భూర్జపత్రంపై ఉత్తరాఖండ్ మహిళలు రాసే శ్లోకాలు, గీసే బొమ్మలు యాత్రికుల సంచుల్లోకి చేరుతున్నకొద్దీ, ఆ బెరడు ఎక్కడి నుంచి వస్తోందన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. రాతకు మనకు తాటాకు ఎలాగో కాశ్మీరు వైపు ఒకప్పుడు ఈ బెరడు అలాగన్నది తెలిసిన సంగతే కనుక, ఆ రాతప్రతుల చరిత్ర జోలికి ఇక్కడ పోవడం లేదు. ఈ చెట్టుకు ముప్పు తెచ్చింది రాతగాళ్లు అనుకుంటే పొరపాటు.

గంగోత్రికి పైన, గంగ పుట్టే హిమానీనదపు అంచైన గోముఖానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల, సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న మజిలీ పేరే భోజ్‌బాసా, అంటే భూర్జ వృక్షాల నెలవు. పేరు మిగిలింది కానీ చుట్టూ చెట్లు పలచబడ్డాయి. 1980లలో గంగోత్రి దారిలో లంకా అనే చోట జాడ్‌గంగ నదిపై వంతెన పూర్తయి వాహనాలు నేరుగా గంగోత్రికి రావడం మొదలయ్యాక, అంతకుముందు నడకకు వెరచి ఆగిపోయినవారు సైతం గోముఖం బాట పట్టారు. వారి టీకి, రొట్టెకి, చలిమంటకి అంత ఎత్తున చేతికందిన కట్టె ఇదే. పైగా దీని బెరడు తడిగా ఉన్నా ఇట్టే అంటుకుంటుంది. 1989లో గంగోత్రి జాతీయ ఉద్యానం ఏర్పడింది. అదే ఏడాది పర్వతారోహకురాలు హర్షవంతీ బిష్ట్ గంగోత్రి పరిరక్షణకు పూనుకుని, తర్వాతి సంవత్సరాల్లో భోజ్‌బాసాలో మొక్కలు నాటించారు. గోముఖానికి వెళ్లేవారి సంఖ్యను రోజుకు 150కి కుదించడం ఆ తర్వాతి మాట.

చమోలీ జిల్లా నీతి, మాణా లోయల మహిళల పనిని ప్రధాని 2023 జూలై ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించాక దానికి గిరాకీ వచ్చింది. పాయలు పాయలుగా ఊడి వేలాడే పైపొరను, నేల రాలిన ముక్కలను వాడితే చెట్టుకు నష్టమేమిటన్నది ఆ పనిని సమర్థించేవారి వాదన. చెట్టు తీరు చూస్తే ఆ మాటలో పస ఉంది: అడ్డగీతలున్న ఆ పలుచని పొర తనంతట తానే లేస్తుంది, దాని కిందే కొత్త పొర ఉంటుంది. గిరాకీ పెరిగితే అడవి తట్టుకోలేదన్నది అటవీ సంరక్షకుల భయం. లోపలి బెరడు దాకా కత్తి దించి కాండం చుట్టూ ఒలిస్తే వేళ్లకు ఆహారం అందక చెట్టు నిలువునా ఎండిపోతుందన్నదీ నిజమే.

చిక్కంతా ఆ రెండు రకాలనూ కొనేవారు పోల్చుకోలేకపోవడంలో ఉంది. యంత్రాలు రాయించుకోవడానికి మన ఊళ్లలోని పూజాసామగ్రి దుకాణాల్లో కొనే భూర్జపత్రం రాలినదో ఒలిచినదో అమ్మేవారికీ తెలియదు.