బెజవాడ రాక్ ఆల్బమ్ గొడవ: మెలికంతా ఆ కాలర్ ట్యూన్ కాయితంలోనే ఉంది

ఈ గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. తన పాటలు తనే రాసుకుని, బాణీ కట్టుకుని, సొంత డబ్బు పెట్టి పాప్, రాక్ ఆల్బమ్‌లు చేసుకున్న మన బెజవాడ సింగర్ తన పాత పాటని తన యూట్యూబ్ ఛానల్లోనే పెట్టుకుంటే, ఆ పాట మాదంటూ దాని మీద ఒక ఆడియో కంపెనీ క్లెయిమ్ వేసింది. విషయం నోటీసుల దాకా వెళ్లింది కాబట్టి పేర్లు రాయట్లేదు.

కానూరు కాలేజీ ఫెస్టులు, బంగారం తాకట్టు పెట్టి స్టూడియో బుక్ చేసుకోవడం, ఇవన్నీ ఆయన ఇంటర్వ్యూల్లో విన్నవే, వదిలేద్దాం. చాలామంది 2017లో ఇళయరాజా గారు తన పాటలు అనుమతి లేకుండా స్టేజీల మీద పాడొద్దని బాలు గారికి నోటీసు పంపిన దగ్గర్నుంచి మొదలెడుతున్నారు గానీ అది సినిమా పాటల సంగతి, అక్కడ డబ్బు పెట్టేవాళ్లు వేరు, బాణీ కట్టేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. ఇక్కడ అన్నీ ఒక్కడే.

నన్నడిగితే అసలు మలుపు కాలర్ ట్యూన్లు ఊపు మీదున్న రోజుల్లో వచ్చింది. అప్పటికే సీడీలు కొనేవాళ్లు తగ్గిపోయారు, ఎంపీ3 సీడీ ఒక్కటి కొంటే బోలెడు పాటలొచ్చేవి. కాలర్ ట్యూన్‌గా పెట్టిస్తే నాలుగు డబ్బులొస్తాయని ఆశ, కానీ టెలికాం కంపెనీ దగ్గరికి ఒంటరి సింగర్ వెళ్తే పలికేవాడు లేడు, మధ్యలో ఆడియో కంపెనీ ఉండాల్సిందే. అలా సంతకం పెట్టాడు.

ఆ కాయితం జెరాక్స్ చూశాను. ఒక్కటే పేజీ. మొదటి ఆల్బమ్ పేరు, కింద 'మొబైల్, డిజిటల్ హక్కులు' అని ఒక లైను, రబ్బరు స్టాంపు. కాలపరిమితి అన్నచోట చుక్కల గీత ఖాళీగా ఉంది. ఏ ప్రాంతానికో అసలు లేదు.

ఆ ఖాళీ గీత దగ్గరే కేసంతా ఉందని నా నమ్మకం. ఎందుకంటే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతలో గడువు లేకపోతే హక్కు ఇచ్చింది 5 ఏళ్లకే అని లెక్క, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఈ రూల్ 1995 నుంచే అమల్లో ఉంది, అంటే ఆయన సంతకం పెట్టేనాటికే ఉంది. ఆ 5 ఏళ్లు ఎప్పుడో అయిపోయాయి. మరి ఇప్పుడు ఏ హక్కుతో క్లెయిమ్ వేస్తారు?

డిజిటల్ అంటే యూట్యూబ్ కూడా వస్తుంది, డబ్బు తీసుకుని సంతకం పెట్టాడు అన్నది కంపెనీ మాట. కానీ ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ ఒప్పందం వర్తించదని కాపీరైట్ చట్టానికి వచ్చిన 2012 సవరణ చెప్తోంది. అంతకుముందు కాయితాలకి ఇది వర్తిస్తుందా లేదా అనేది లాయర్లు కోర్టులో వాదించుకోవాలి, 5 ఏళ్ల పాయింటుకి మాత్రం ఆ తలనొప్పి కూడా లేదు.

ఇంకోటి, ఆయన దాచుకున్న పాత సీడీ ఇన్‌లే కార్డు, అంటే సీడీ డబ్బాలో పెట్టే అచ్చు కవరు. రికార్డింగ్ చేయించింది ఎవరు, కాపీరైట్ ఎవరిది, ఏ ఏడు విడుదలైంది, ఇవి కవర్ మీద వేయాలని 52ఏ సెక్షన్ అంటుంది. ఆయన కార్డు మీద రెండుచోట్లా ఆయన పేరే, కింద పటమట అడ్రసు. రికార్డింగ్‌కి పూనుకుని బాధ్యత తీసుకున్నవాడే చట్టం దృష్టిలో నిర్మాత, విడుదలయ్యాక 60 ఏళ్లు హక్కు ఆయనదే.

ఇంత ఉండి కూడా ఎందుకు నలుగుతున్నాడంటే కంటెంట్ ఐడీ వల్ల, అంటే ఎవరి పాట ఎక్కడ వాడినా దానంతటదే పట్టుకుని క్లెయిమ్ వేసే యూట్యూబ్ ఏర్పాటు. అది పెద్ద కేటలాగ్ ఉన్నవాళ్ల చేతికే ఇస్తారు, ఒంటరి సింగర్‌కి దొరకదు. పైగా ఆ క్లెయిమ్ తప్పని డిస్ప్యూట్ పెడితే దాన్ని ముందు చూసేది క్లెయిమ్ వేసిన కంపెనీయే, దానికి 30 రోజుల టైమ్. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించట్లేదు. కోర్టుకెళ్లాలంటే మాత్రం హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు, 62వ సెక్షన్ ప్రకారం తనుండే ఊళ్లోని జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చు.

ఇప్పుడు ఆయన రెండో ఆల్బమ్ పాటల మీద కూడా క్లెయిములు పడ్డాయి. ఆ కాయితంలో ఉన్నది మొదటి ఆల్బమ్ ఒక్కటే. రెండోది ఎలా కలిపారని ఆయన రాసిన మెయిల్‌కి కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు.