గోంగూర మడికి 40 మూరల తాడు

చిరంజీవి అమ్మలుకు, పక్కనే కూర్చుని ఈ ఉత్తరం వినే తమ్ముడికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో అడిగావు: "వర్గ ప్రమేయంలో, అదే ఎక్స్ స్క్వేర్ ఉండే లెక్కలో, ఎక్స్‌కి ఏ సంఖ్య ఇచ్చినా పుచ్చుకుంటుంది కదా, మరి జవాబుగా అన్ని సంఖ్యలూ రావేం తాతయ్యా?" అని. ఇంతలో పాలవాడు పిలిస్తే వెళ్ళిపోయాను గానీ, రాత్రంతా అదే ఆలోచన.

నాకు పదేళ్ళప్పుడు నాన్న 40 మూరల కొబ్బరితాడు చేతికిచ్చి, పెరట్లో గోంగూరకి మడి గుర్తుపెట్టమన్నాడు. చుట్టూ తాడు సరిపోవాలి, పొడుగూ వెడల్పూ నా ఇష్టం. పొడుగు ఎక్కువైతే గోంగూర ఎక్కువ వస్తుందనుకుని గోడ వెంట 18 మూరలు లాగాను. వెడల్పుకి మిగిలింది 2 మూరలే. అమ్మ వచ్చి చూసి "ఇది మడా, కాలవా?" అంది. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

తాడులో సగం 20. ఒక వైపు ఎక్స్ అయితే రెండో వైపు 20 మైనస్ ఎక్స్. రెండూ గుణిస్తే 20 ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్, అదే నీ వర్గ ప్రమేయం. 10, 10 పెడితే 100 చదరపు మూరలు. 9, 11 అయితే 99. 8, 12 అయితే 96. 7, 13 అయితే 91. తరుగు చూడు: 1, 4, 9! పది నుంచి ఎంత పక్కకి జరిగితే, దాని వర్గమంత నష్టం. నేను 8 జరిగాను, 64 పోయింది, దక్కింది 36.

కాబట్టి మడి ఎప్పుడూ 100లోంచి ఒక వర్గం తీసేసినంతే. వర్గం ఎన్నడూ రుణ సంఖ్య కాదు, అందుకే మడి 100 దాటదు. ఇలా వర్గం చేసి చూడడం మనవాళ్ళకి పాత అలవాటే. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో ఈ పద్ధతి చెబుతూ తనకన్నా ముందటి గణితవేత్త శ్రీధరుడి పేరు తలచుకున్నాడు.

ఇక ప్రదేశం, అంటే ఎక్స్ పుచ్చుకునే సంఖ్యల సంగతి. మడికైతే ఎక్స్ 0కీ 20కీ మధ్యే ఉండాలి, అప్పుడు వ్యాప్తి, అంటే వచ్చే జవాబులన్నీ, 0 పైనుంచి 100 దాకా. మడిని మరిచిపోయి ఉత్త ప్రమేయాన్ని చూస్తే ఏ వాస్తవ సంఖ్యైనా ఇవ్వచ్చు. 23 ఇచ్చావనుకో, మైనస్ 69 వస్తుంది. అంటే పక్కింటివాళ్ళకి మనమే నేల బాకీ పడ్డామన్నమాట! పోలిక కాస్త కుంటుతోంది, పోనీలే. అప్పుడు వ్యాప్తి 100, దానికి దిగువనున్నవన్నీ. సంఖ్య వేసే ముందు అది దేని కొలతో అడగడం మంచి అలవాటు తల్లీ, మార్కుల కోసమే కాదు.

మన మడి లెక్కకి గ్రాఫు గీస్తే బోర్లించిన మూకుడులా వస్తుంది. ఎక్స్ స్క్వేర్ ముందు మైనస్ లేకపోతే ఆ మూకుడు వెల్లకిలా తిరుగుతుంది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 6 ఎక్స్ ప్లస్ 11 తీసుకో. అది ఎక్స్ మైనస్ 3 వర్గానికి 2 కలిపినంత. మూకుడు అడుగు 2 దగ్గర, పైకి హద్దు లేదు. పుస్తకంలో దీనికో సూత్రముంది, నాకెప్పుడూ తడబాటే.

ఇప్పుడు మీరిద్దరూ ఓ దారం కొసలు ముడివేసి, తలా రెండు వేళ్ళకీ తగిలించి దీర్ఘచతురస్రంగా పట్టుకోండి. మెల్లగా పొడుగు లాగండి, మళ్ళీ దగ్గరికి రండి. లోపలి చోటు కంటికి ఎక్కడ విశాలంగా తోస్తుందో అక్కడ ఆగి స్కేలుతో కొలవండి. ఎంతొచ్చిందో రాయండి.

మీ తాతయ్య