మసి పట్టిన లాంతరు

పిల్లలూ,

"గెలాక్సీ ఎర్రగా ఉందంటే అది ముసలిదేనా తాతయ్యా?" అని అడిగారు. అన్నిసార్లూ కాదు. వేడెక్కువగా ఉండే నీలి నక్షత్రాలు తొందరగా కాలిపోతాయి, ఎర్రవి మిగులుతాయి. అందుకే ఎరుపును వయసుకు గుర్తుగా చూస్తారు. కానీ ధూళి కూడా ఆ రంగే తెస్తుంది. ధూళి అంటే పొగ రేణువులంత సన్నని మసి, ఇసుక నలుసులు. అవి నీలాన్ని ఎక్కువగా మింగి ఎరుపును వదులుతాయి.

మసి పట్టిన లాంతరును దూరం నుంచి చూడండి. వత్తి తగ్గించారో, గాజు మసిబారిందో కంటికి తేలదు. గాజుకు జానెడు దూరంలో చెయ్యి పెట్టండి, తాకొద్దు. మసి మింగిన వెలుగు వేడిగా బయటికొస్తుంది. గెలాక్సీ ధూళీ అంతే, మింగినదాన్ని కంటికి కనిపించని పరారుణ కాంతిగా, అంటే వేడిగా, తిరిగిస్తుంది. 1983లో ఐరాస్ ఉపగ్రహం దాదాపు ఆకాశమంతా ఆ వేడి కోసం గాలించింది. రెండు గెలాక్సీలు ఢీకొని కలుస్తున్న ఆర్ప్ 220 వెలుగులో చాలా భాగం పరారుణమే. మామూలు కాంతిలోనే చూస్తే అక్కడ పుడుతున్న నక్షత్రాల్లో ఎక్కువ వాటిని లెక్కే వేయం.

ఇంకో పరీక్ష హైడ్రోజన్‌ది. కొత్త నక్షత్రాల చుట్టూ మెరిసే ఆ వాయువు వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలో ఎర్ర గీత వెలుగు, నీలాకుపచ్చ గీత వెలుగుకు 2.86 రెట్లుండాలి. అది 5.7 రెట్లు కనిపిస్తే మధ్యలో ధూళి ఉన్నట్టే. అప్పుడు ఎర్ర గీత కూడా అసలు వెలుగులో ఐదో ఆరో వంతే మనకు చేరుతోంది. దిద్దకపోతే నక్షత్రాల పుట్టుక లెక్క అన్ని రెట్లు తగ్గిపోతుంది.

గెలాక్సీలోని నక్షత్రాల మొత్తం బరువు లెక్క మాత్రం అంతగా చెడదు. మసకబారింది కాబట్టి తక్కువ నక్షత్రాలనుకుంటాం, ఎర్రబడింది కాబట్టి ముసలివనుకుంటాం. ముసలి నక్షత్రాలకు వెలుగుతో పోలిస్తే బరువెక్కువ. ఒక తప్పు ఇంకో తప్పును కొంత సరిచేస్తుంది!

లాంతరు పోలిక ఒక్కచోట సరిపోదు. మసి గాజు మీదే ఉంటుంది, ధూళి నక్షత్రాల మధ్య కలిసిపోయి ఉంటుంది. లోతున ఉన్నవాటి వెలుగు మనదాకా రాదు, ముందున్నవాటి రంగే కనిపిస్తుంది. అందుకే రంగును మాత్రమే నమ్మితే ధూళిని తక్కువగా అంచనా వేస్తాం.

ఏప్రిల్, మే అమావాస్యల్లో ఊరి దీపాలకు దూరంగా, తెల్లవారుజామున మూడింటికి పెద్దవాళ్లతో వెళ్లి దక్షిణం వైపు చూడండి. వృశ్చికానికీ ధనుస్సుకీ మధ్య పాలపుంతలో నల్లటి చారలు కనిపిస్తాయి. అక్కడ నక్షత్రాలు లేక కాదు, ధూళి అడ్డం. దాని వెనక మన గెలాక్సీ నడిబొడ్డు ఉంది. అక్కణ్ణుంచి బయల్దేరిన మామూలు వెలుగులో లక్ష కోట్ల కాంతికణాలకు ఒకటే మనల్ని చేరుతుంది. ఆ చారల ఆకారం కాగితం మీద గీసి పంపండి.

మీ తాతయ్య