డకోటా పొగ, మంట, చప్పుడు: అపోహలు - వాస్తవాలు

మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తారన్న వార్తలు మొదలైనప్పటి నుంచి హనుమకొండలో నన్నెరిగినవాళ్లు పాత విమానాల గురించి అడగడం ఎక్కువైంది. నేను వాయుసేనలో ఇంజన్ ఫిట్టర్‌గా డకోటాల మీద, అంటే రెండు ప్రొపెల్లర్ ఇంజన్ల పాత రవాణా విమానాల మీద పనిచేసినవాణ్ని. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో మొదలుపెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి కూడా ఈ డకోటాలే. 1953లో జాతీయం చేసినప్పుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఫోన్లలో వీడియోలు చూసి నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒక్కటే. డకోటాకుండే రేడియల్ ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే పనులనే జనం రోగమనుకుంటున్నారు. అసలు రోగం బయటపడే చోట్లు వేరే ఉన్నాయి.

అపోహ: "గంత పొగ కక్కుతుందంటే ఇంజన్ ఖరాబైనట్టే గద సార్?"

వాస్తవం: కాదు. రేడియల్ ఇంజన్‌లో సిలిండర్లు క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే మధ్య ఇరుసు) చుట్టూ గుండ్రంగా అమరి ఉంటాయి. డకోటాకు ఎక్కువగా వాడిన ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్‌లో ముందు వరుసలో 7, వెనక వరుసలో 7, మొత్తం 14. గుండ్రంగా ఉన్నాయంటే కింది సిలిండర్లు తలకిందులుగా వేలాడుతున్నట్టే. ఇంజన్ ఆపాక లోపల మిగిలిన ఆయిల్ కిందికి జారి, పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆ సిలిండర్లలోకి దిగుతుంది. మళ్లీ స్టార్ట్ చేయగానే అదే కాలి తెల్లగా, నీలంగా పొగై లేస్తుంది. కాసేపట్లో తేలిపోతే చింత లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే అప్పుడు చూడాలి.

ప్రమాదం పొగలో లేదు, పొగకు ముందు ఉంది. ఆయిల్ ఎక్కువగా దిగి సిలిండర్ నిండితే, పైనుంచి వచ్చే పిస్టన్‌కు అడ్డం పడుతుంది. ద్రవం నలగదు కాబట్టి పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రాలిక్ లాక్ అంటాం. అందుకే పొద్దున్నే, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటో స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, ప్రొపెల్లర్ రెక్కలను ఒక్కొక్కటిగా చేత్తో లాగి తిప్పుతాం. ప్రతి కంప్రెషన్ అరచేతికి తెలుస్తుంది. ఎక్కడైనా రెక్క బిగుసుకుంటే బలవంతం చేయకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు. వెనక్కి తిప్పితే ఆ ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి పోయి దాక్కుంటుంది. స్టార్ట్ చేసిన క్షణంలో మళ్లీ లోపలికి వచ్చి రాడ్‌ను వంచేస్తుంది. కింది ప్లగ్ విప్పి, కింద డబ్బా పెట్టాలి. నల్లటి ఆయిల్ సన్నని ధారగా కారి, చుక్కచుక్కగా మారి, ఆగేదాకా ఓపిక పట్టాలి. ఈ పనిలో తొందరపడేవాణ్ని ఏ సీనియరూ ఇంజన్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అది సరైన పద్ధతే.

వీడియోల్లో సాధారణంగా కత్తిరించేసే చప్పుడు ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. డకోటా స్టార్టర్‌లో ఒక బరువైన చక్రం ఉంటుంది. స్విచ్ నొక్కగానే సన్నగా 'గుయ్య్' మని మొదలై స్వరం పెరుగుతూ పోతుంది. తగినంత వేగం అందాక రెండో స్విచ్ నొక్కితే ఆ చక్రం ఇంజన్‌ను పట్టుకుంటుంది. స్వరం ఒక్కసారిగా పడిపోయి రెక్కలు బరువుగా కదులుతాయి. ఒక సిలిండర్ దగ్గుతుంది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత అన్నీ అందుకుంటాయి.

అపోహ: నిలబడి ఉన్నప్పుడు చప్పుడు తడబడుతోందంటే ఒక సిలిండర్ పనిచేయడం లేదు.

వాస్తవం: రేడియల్‌లో ఒక్కో వరుసకు సిలిండర్లు బేసి సంఖ్యలో ఉంటాయి. కారణం సులువు. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజన్, క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితేనే అన్ని సిలిండర్లలోనూ పెట్రోల్, గాలి మిశ్రమం ఒకసారి పేలుతుంది. ఏడు సిలిండర్ల వరుసలో ఒకటి విడిచి ఒకటి 1, 3, 5, 7, 2, 4, 6 అని పేలుతూ పోతే రెండు చుట్లలో లెక్క సరిపోతుంది. సరి సంఖ్య అయితే ఈ వరస కుదరదు. అంటే పేలుళ్ల మధ్య ఎడం దాదాపు సమానమే. కానీ ఆ పొగంతా ఇంజన్ చుట్టూ తిరిగే గొట్టంలో చేరి ఒకే చోట బయటపడుతుంది. దగ్గరి సిలిండర్ చప్పుడు ముందు, దూరపుది తర్వాత వస్తాయి. పైగా తక్కువ వేగంలో అన్నిటికీ మిశ్రమం సమంగా అందదు. బుల్లెట్ బండి డుగడుగలో కూడా తడబాటు ఉంటుంది, దాన్ని ఎవరూ రోగమనరు.

నిజంగా ఒక సిలిండర్ చచ్చిందా అన్నది చెవితో కాదు, పరీక్షతో తేలుతుంది. ప్రతి సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, ఇంజన్‌కు రెండు మాగ్నెటోలు. ఒక మాగ్నెటో ఆపితే ఆర్‌పీఎం కొద్దిగా తగ్గడం మామూలే. ఎక్కువ పడిపోయి ఇంజన్ వణికితే ఆ లోపమున్న మాగ్నెటో మీదే కాసేపు నడిపి ఆపేస్తాం. వెంటనే నిచ్చెన వేసుకుని తడి గుడ్డతో ఎగ్జాస్ట్ మొదళ్లను ఒక్కొక్కటే తాకుతూ పోతాం. చల్లగా ఉండి 'చుయ్' మననిది దొరికితే దొంగ దొరికినట్టే. చాలాసార్లు అది కింది సిలిండరే, ప్లగ్ ఆయిల్‌తో తడిసిపోయి ఉంటుంది.

అపోహ: గాల్లో వూం... వూం... అని చప్పుడు పెరిగి తగ్గుతుంటే ఇంజన్ బలం పోతోంది.

వాస్తవం: రెండు ఇంజన్ల వేగాల్లో కొద్దిపాటి తేడా ఉంది, అంతే. పైలట్ ప్రొపెల్లర్ లివర్‌ను కొంచెం జరిపితే వూం నెమ్మదించి, సాగి, ఆగిపోతుంది. ఇంతకీ మీరు వినే ఆ మోతలో పెద్ద వాటా ప్రొపెల్లర్‌ది. మధ్యలో గేర్ ఉంటుంది కాబట్టి ఇంజన్ 16 చుట్లు తిరిగితే రెక్కలు 9 చుట్లే తిరుగుతాయి.

అపోహ: ఇంజన్ కూడా ప్రొపెల్లర్‌తో పాటే తిరుగుతుంది.

వాస్తవం: అలా తిరిగేవి మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజన్లు. చూడటానికి ఒకేలా ఉన్నా జాతి వేరు. రేడియల్‌లో సిలిండర్లు కదలవు.

అపోహ: రాత్రిపూట ఎగ్జాస్ట్‌లో మంట కనిపిస్తే నిప్పంటుకున్నట్టు.

వాస్తవం: చిన్న నీలి మంట ఉండాల్సిందే. పగలు కూడా ఉంటుంది, ఎండలో కనబడదు. పసుపు రంగులోకి మారి పొడవైతే పెట్రోల్ ఎక్కువ కలుస్తోందని అర్థం. ఎయిర్ ఇండియా తర్వాత నడిపిన సూపర్ కాన్‌స్టెలేషన్లలో ఇది ఇంకా బాగా కనిపించేది. వాటి 18 సిలిండర్ల రైట్ ఇంజన్లలో, బయటికి పోయే పొగతో మూడు టర్బైన్లను తిప్పి, ఆ శక్తిని మళ్లీ క్రాంక్‌షాఫ్ట్‌కే ఇచ్చేవారు. అలాంటి రోజుల్లో కిటికీ పక్కన కూర్చున్న కొత్త ప్రయాణికుడు భయపడటంలో తప్పులేదు.

అపోహ: ఆయిల్ కారితే నిర్వహణ సరిగా లేనట్టు.

వాస్తవం: కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) మీద ఆయిల్ చారలు రోజూ ఉండేవే, రోజూ తుడిచేవే. మేం చూసేది ఆయిల్ ఎంత ఖర్చవుతోంది, ప్రెషర్ ఎంత ఉంది, ఫిల్టర్ జాలీలో ఏం చిక్కింది అని. జాలీని తెల్లగుడ్డ మీద దులిపినప్పుడు మెరిసే లోహపు రజను కనబడితే, బయట కౌలింగ్ అద్దంలా ఉన్నా ఆ విమానం ఎగరదు.

అపోహ: రేపు మామునూరులో జెట్‌లకు పోసే ఇంధనం ఉంటుంది కదా, డకోటాకూ అదే పోయొచ్చు.

వాస్తవం: పోయకూడదు. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిది. రేడియల్‌కు కావాల్సింది అధిక ఆక్టేన్ ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోల్. కిరోసిన్ పడితే టేకాఫ్ సమయంలో మిశ్రమం అదుపు తప్పి పేలి పిస్టన్లు పగులుతాయి. ఇలాంటి విమానాన్ని బతికించడంలో విడిభాగాలంత కష్టం ఇంధనానిది కూడా. ఇండియన్ ఆయిల్ 2022లో దేశంలోనే ఏవ్‌గ్యాస్ తయారీ మొదలుపెట్టడం నాకు అందుకే అంత సంతోషమనిపించింది.

మన వాయుసేన దగ్గర ఎగిరే డకోటా ఒకటుంది, పేరు పరశురామ. బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో తీసుకొచ్చారు. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైనికులను దించిన డకోటా గుర్తుగా దాని మీద వీపీ 905 అని రాశారు. వాయుసేన ప్రదర్శనలకు వెళితే అది తలమీదుగా పోయేటప్పుడు ఫొటో తీసుకుని వచ్చేయకండి. స్టార్ట్ చేసేటప్పుడు చూడనిస్తారేమో అడగండి. అనుమతి దొరికితే ప్రొపెల్లర్‌కు బాగా పక్కగా నిలబడి ఆ చక్రం చప్పుడు మొదటి నుంచి వినండి. విమానం వెనక్కి మాత్రం పోవద్దు, తెల్లచొక్కా మీద పడిన ఆ ఆయిల్ మరక పోదు.