అమెరికా చిన్న ఊళ్ళలో పార్టీ నమోదు, ఓటు: అపోహలు – వాస్తవాలు

కెంటకీ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో నేను పోలింగ్ అధికారిగా పనిచేస్తున్నాను. జాబితాలో పేరు చూసి, గుర్తింపు కార్డు సరిచూసి, బ్యాలెట్ చేతికివ్వడం నా పని. మే నెలలో ప్రైమరీ (నవంబరు ఎన్నికకు పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నిక) జరిగినప్పుడల్లా ఒకే అపోహ కారణంగా కొందరు ఓటర్లు ఉసూరుమంటూ వెనుదిరుగుతున్నారు. వారిలో కొత్తగా పౌరసత్వం పొందిన మన తెలుగువారూ ఉంటున్నారు.

అపోహ: ఓటరు నమోదు పత్రంలో ఏ పార్టీ పేరు రాస్తే నవంబరులోనూ ఆ పార్టీకే ఓటు వేయాలి. కనుక ఏ పార్టీ పేరూ రాయకపోవడమే క్షేమం.

వాస్తవం: నవంబరు ఎన్నికల్లో ఓటర్లందరి చేతికీ వచ్చేది ఒకే రకమైన బ్యాలెట్, ఏ పార్టీలో నమోదైనవారైనా ఎవరికైనా ఓటు వేయవచ్చు. తూర్పు కెంటకీ కొండల్లోని ఎలియట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) చరిత్ర చూడండి. శాండీ హుక్ అనే, వెయ్యి మంది కూడా లేని ఊరు దాని కేంద్రం. 1869లో ఏర్పడిన నాటి నుంచి 2012 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఆ కౌంటీ డెమొక్రాట్లనే గెలిపించింది. 2016లో అక్కడి ఓట్లలో సుమారు 70 శాతం రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్‌కు పడ్డాయి. అప్పటికి ఆ కౌంటీ ఓటర్లలో అత్యధికులు డెమొక్రాట్లుగా నమోదై ఉన్నవారే. రాష్ట్రమంతటా ఇదే తీరు: కెంటకీ 2000 నుంచి అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లనే గెలిపిస్తున్నా, నమోదులో రిపబ్లికన్ల సంఖ్య డెమొక్రాట్లను దాటింది 2022లోనే.

మనసు మారిన ఓటర్లు అన్నేళ్ళపాటు పాత పార్టీలోనే ఎందుకు నమోదై ఉన్నారన్న ప్రశ్నకు జవాబు కౌంటీ కార్యాలయంలో దొరుకుతుంది. షెరీఫ్, జైలర్, కౌంటీ క్లర్క్, కౌంటీ జడ్జి ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలనాధిపతి) వంటి పదవులకు చాలా కౌంటీలలో ఒకే పార్టీ వారు పోటీపడతారు, రెండో పార్టీ అభ్యర్థినే నిలపదు. అలాంటి చోట అసలు ఎన్నిక మే నెల ప్రైమరీయే. నవంబరు బ్యాలెట్‌పై ఆ పదవి కింద మిగిలేది ఒక్క పేరే. కెంటకీ ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ ఆ పార్టీలో నమోదైనవారికే ఇస్తారు. తమ రోడ్డు బాగుచేయించే మనిషిని ఎన్నుకునే హక్కు వదులుకోవడం ఇష్టంలేకనే ఆ కొండప్రాంతపు రైతులు, గని కార్మికులు నమోదు మార్చుకోలేదు. ఇప్పుడు అనేక కౌంటీలలో ఆ స్థానం రిపబ్లికన్ ప్రైమరీకి వచ్చింది.

ఒక మే నెలలో మా కేంద్రానికి ఒక తెలుగు దంపతులు వచ్చారు. ఆమె రాత్రి షిఫ్టు ముగించుకుని, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా వచ్చింది. షెరీఫ్ పదవికి ఎవరు మేలో వారాల తరబడి ఆరా తీసి మరీ వచ్చారు. వారికి నేను ఇవ్వగలిగింది పార్టీలతో పనిలేని న్యాయమూర్తి పదవికి సంబంధించిన బ్యాలెట్ మాత్రమే. "అక్కా, పార్టీల గొడవ మనకెందుకులే అని ఇండిపెండెంట్ అని పెట్టాం" అని ఆయన నెమ్మదిగా అన్నారు. ఇప్పుడైనా మార్చి ఇవ్వమని అడిగారు. అది నా చేతిలో లేదు: ప్రైమరీలో ఓటు వేయాలంటే అంతకుముందు సంవత్సరం డిసెంబరు 31లోగా పార్టీ మార్పు జరిగి ఉండాలి. కొత్తగా నమోదయ్యేవారికి ఆ గడువు వర్తించదు గనుక, తొలిసారి పత్రం నింపేటప్పుడే ఆలోచించి రాయండి. ఇతర రాష్ట్రాల నియమాలు వేరు. టెక్సస్‌లో అసలు పార్టీ నమోదే లేదు. బంధువు చెప్పాడనో, వాట్సాప్‌లో వచ్చిందనో నమ్మకుండా మీ కౌంటీ క్లర్క్ కార్యాలయానికి ఫోన్ చేయండి.

పార్టీ పేరు రాయకపోవడమనే జాగ్రత్త వెనుక ఉన్న భయం నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఓటర్ల జాబితాలో పార్టీ గడి ఉండదు కాబట్టి, ప్రభుత్వ పత్రం మీద పార్టీ పేరు రాయమంటే ఎవరికైనా బెరుకు కలుగుతుంది.

అపోహ: మనం ఎవరికి ఓటు వేశామో ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది.

వాస్తవం: మీరు ఏ పార్టీలో నమోదయ్యారో, ఏ ఎన్నికలో ఓటు వేశారో అభ్యర్థులకు, పార్టీలకు అందే జాబితాలో ఉంటుంది. ఎవరికి వేశారన్నది ఎక్కడా ఉండదు. కాగితపు బ్యాలెట్‌పై మీ పేరు ఉండదు, సంతకం ఉండదు. యజమానికి గానీ పొరుగువారికి గానీ మీ ఎంపిక తెలిసే మార్గం లేదు. దయచేసి నిశ్చింతగా ఉండండి.

అపోహ: చిన్న ఊరంటే ఒకే రంగు, అది మారదు.

వాస్తవం: ఎలియట్ డెమొక్రాట్లతో ఉన్న కాలంలోనే, అదే తూర్పు కెంటకీలోని జాక్సన్, ఔస్లీ కౌంటీలు అంతర్యుద్ధం నాటి నుంచి రిపబ్లికన్ల వైపు నిలిచాయి. 2020లో ట్రంప్‌కు దాదాపు 26 శాతం ఆధిక్యం ఇచ్చిన ఈ రాష్ట్రమే 2019లోనూ 2023లోనూ డెమొక్రాట్ ఆండీ బెషియర్‌ను గవర్నరుగా గెలిపించింది. 2019లో ఆయన ఆధిక్యం సుమారు 5,000 ఓట్లే.

అపోహ: నవంబరు బ్యాలెట్‌పై పార్టీ గడి (ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఒకేసారి ఓటు వేసేది) ఒక్కటి నింపితే బ్యాలెట్ అంతా పూర్తయినట్లే.

వాస్తవం: పాఠశాల బోర్డు, న్యాయమూర్తుల పదవులకు పార్టీలు లేవు. వాటిని విడిగా నింపాలి. కాగితం రెండోవైపు తిప్పి చూడండి.

అపోహ: గ్రీన్‌కార్డు ఉంటే ఓటు వేయవచ్చు.

వాస్తవం: వేయకూడదు, నమోదు కూడా చేసుకోకూడదు. సమాఖ్య ఎన్నికల్లో పౌరులు కానివారు ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపివేసే ప్రమాదమూ ఉంది. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో నమోదు చేయమంటారా అని అడిగితే వద్దని స్పష్టంగా చెప్పండి.