ఫొటో వెనక పెన్సిల్ రాత

చెన్నై వెస్ట్ మాంబళంలో మా ఇంటి బీరువాలో ఒక నలుపు తెలుపు పెళ్ళి ఫొటో ఉంది. వెనక పెన్సిల్‌తో ఒకే ముక్క: "అక్కయ్య పెళ్ళి, వికారి, వైశాఖం." రాత అమ్మమ్మది కాబట్టి ఆ అక్కయ్య ఎవరో తెలిసింది. వికారి 60 ఏళ్లకోసారి వస్తుంది: 1899, 1959, 2019. అమ్మమ్మ ఈడును బట్టి అది 1959. ఫొటోలో లేనిదంతా ఆ ముక్కే చెప్పింది. సమాచారం గురించిన ఇలాంటి సమాచారాన్నే మెటాడేటా అంటారు.

మన కవులకిది కొత్త కాదు. ఆశ్వాసం చివరి గద్యలో తానెవరో, తండ్రి ఎవరో, కావ్యం పేరేమిటో, ఇది ఎన్నో ఆశ్వాసమో చెప్పేవారు. తాళపత్రాల కట్ట తెగి ఆకులు చెదిరినా, ఆ గద్య ఉన్న ఆకు దొరికితే కావ్యం ఏదో పోల్చుకోవచ్చు. బ్రౌన్ దొర సేకరించిన ప్రతులున్న చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కేటలాగుల్లో ఆకులెన్ని, పుటకు పంక్తులెన్ని, లిపి ఏది, ప్రతి ఎలా ఉంది అని కూడా రాసిపెట్టారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరిన రంగనాథన్, ఒక పుస్తకం దేని గురించి, ఏ చోటు, ఏ కాలం అనేవాటిని విడివిడిగా గుర్తించి కోలన్ (:) గుర్తుతో కలిపే పద్ధతిని 1933లో ప్రచురించారు. అదే కోలన్ వర్గీకరణ.

ఇప్పుడు ఫొటో వెనక రాసే పని ఫోనే చేస్తుంది. తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైల్లోనే దాస్తుంది. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గడంతో పాటు ఈ వివరాలూ పోతాయి. మన ఇంటి ఆనవాలు ఎవరికీ తెలియకుండా అది మంచిదే. కానీ దాచుకోవాల్సిన ఫొటోలకు అదే నష్టం. డాక్యుమెంట్‌గా పంపితే వివరాలు ఉంటాయి.

ఇది తెలియక, బాబాయి షష్టిపూర్తివే కాక రెండేళ్ల ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే తెప్పించుకున్నాను. ఫైలు పేర్లలో ఉన్నది నాకు అందిన తేదీ మాత్రమే. అవన్నీ ఒకే రోజు తీసినట్టు కలిసిపోయాయి. అడుగుదామంటే బాబాయి లేరు.

అందుకే ఆదివారాలు పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ఫొటో తెరిచి, ఆవిడ చెప్పిన పేరూ ఊరూ వివరాల గడిలో టైపు చేస్తున్నాను. నిన్న ఒక ఫొటో దగ్గర చాలాసేపు ఆగింది. "ఈ పట్టుచీర ఆవిడ మా నెల్లూరు మేనత్త కదరా, రాసుకో" అంది.