విశాఖ ఆఫీసుల ఏసీ పంచాయితీ: హుద్‌హుద్ తర్వాత మిగిలిపోయిన పని

ఎండలు ముదిరేసరికి విశాఖ ఆఫీసుల్లో ఏసీ రిమోట్ చుట్టూ పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. పర్యావరణం కోసం, కరెంటు పొదుపు కోసం 26 డిగ్రీల మీదే ఉంచాలంటాయి యాజమాన్యాలు. 26 మీద చొక్కా వీపుకు అతుక్కుపోతోందని, మధ్యాహ్నం మూడయ్యేసరికి తల దిమ్ముగా ఉంటోందని ఉద్యోగులంటారు. కొత్త ఏసీలు 20 డిగ్రీల కిందికి, 28 డిగ్రీల పైకి వెళ్లకుండా ప్రమాణం తెస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ 2025 జూన్‌లో ప్రకటించాక, ఈ తగువులో యాజమాన్యాల వైపు మొగ్గు పెరిగింది.

ఈ తగువు మొదలు 2014లో ఉంది.

ఆ ఏడాది జనవరిలో, రాష్ట్రం విడిపోకముందే, ఇంధన పొదుపు భవన నియమావళిని ఆంధ్రప్రదేశ్ తన అవసరాలకు తగ్గట్టు మార్చుకుని నోటిఫై చేసింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో గానీ, 2,000 చదరపు మీటర్ల విస్తీర్ణంతో గానీ కట్టే వాణిజ్య భవనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. ఊళ్లో అద్దాల గోడలున్న భవనాలు బాగా దెబ్బతిన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత పునర్నిర్మాణంలో విశాఖ దేశానికి ఒక దారి చూపించింది: కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ దాదాపు 91 వేల వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చింది. ఆఫీసులూ అదే బాట పట్టాయి. చోక్‌తో కలిపి 50 వాట్లు లాగే పాత ట్యూబ్‌లైట్ స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ వచ్చింది. బల్ల మీది కంప్యూటర్లు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి.

దీపాలు మారాయి గానీ చల్లదనం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నియమావళి ప్రధానంగా కొత్త కట్టడాల కోసం రాసింది. పగిలిన అద్దం బదులు మరో అద్దం బిగిస్తే అది మరమ్మతే. ఇన్సూరెన్స్ డబ్బు కూడా పోయినదాన్ని పోయినట్టే నిలబెట్టడానికి వచ్చేది, మెరుగుపరచడానికి కాదు. పడమటి ఎండ తగిలే గోడకు మళ్లీ అద్దమే వచ్చింది. రెండు టన్నుల ఏసీ పోయినచోట రెండు టన్నులదే వచ్చింది. ఇవాళ్టి గొడవకు మూలం ఇక్కడ ఉందనిపిస్తుంది.

ఎలాగో లెక్క వేద్దాం. యాభై సీట్ల ఆఫీసులో వంద ట్యూబులు మారితే గదిలోకి వచ్చే వేడి మూడు కిలోవాట్లు తగ్గుతుంది. కంప్యూటరుకు 80 వాట్ల చొప్పున తగ్గిందనుకుంటే మరో నాలుగు కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే రెండు టన్నుల పని తప్పింది. కరెంటు ఆదా అయింది, అది నిజమైన లాభమే. కానీ తగ్గినదంతా పొడి వేడి. మనుషుల చెమట, ఊపిరి, తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి వచ్చే సముద్రపు తేమ ఎప్పటిలాగే ఉన్నాయి. ఏసీ సైజు మాత్రం పాతదే. ఇప్పుడది గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ (ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్ట) మీద నీరు చేరి, కారి, డ్రెయిన్ పైపులోకి పోవాలంటే కంప్రెసర్ ఆగకుండా చాలాసేపు నడవాలి. ఐదు నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగే మిషన్‌లో కాయిల్ తడుస్తుందే గానీ నీరు కిందికి దిగదు. పైగా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే ఆ తడి మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. చల్లగా ఉంటుంది, జిగటగానూ ఉంటుంది. అందుకే ఉద్యోగి రిమోట్ తీసుకుని 20కి దించుతాడు. అతనికి కావాల్సింది చలి కాదు, ఉక్క పోవడం. రిమోట్ మీద ఉక్కకు మీట లేదు.

హైదరాబాద్‌లో పనికొచ్చిన 26 అంకె విశాఖలో పనికిరాకపోవడానికి కారణం ఈ తేమే. బయట 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం కిలో గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. లోపల 24 డిగ్రీలు, 55 శాతం తేమ ఉండాలంటే అది పది గ్రాములకు రావాలి. బయటి గాలిని లోపలికి తగినట్టు మార్చడానికి ఏసీ చేసే పనిలో నాలుగింట మూడు వంతులు నీటిని పిండడానికే పోతుంది, చల్లబరచడానికి పోయేది నాలుగో వంతే. ఒక్కో సీటుకు నిమిషానికి 17 ఘనపుటడుగుల బయటి గాలి ఇవ్వాలంటే గంటకు అర లీటరుకు దగ్గరగా నీరు పిండాలి. యాభై మందికి ఎనిమిది గంటల్లో దాదాపు 180 లీటర్లు. ఆ నీరు డ్రెయిన్ పైపులో కనిపించకపోతే, బయటి గాలైనా రావడం లేదు, వచ్చిన తేమైనా గదిలోనే ఉండిపోతోంది. (పైపులో వచ్చిన నీరు నేల తుడవడానికి, మొక్కలకు భేషుగ్గా పనికొస్తుంది. తాగడానికీ బ్యాటరీల్లో పోయడానికీ వద్దు.)

ఆ తర్వాతి చరిత్ర అంతా ఉష్ణోగ్రత అంకె చుట్టూనే తిరిగింది. 24 డిగ్రీలను డిఫాల్ట్‌గా పెట్టాలని 2018 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ సలహా ఇచ్చింది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ప్రతి గది ఏసీ 24 మీద మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందన్న బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) లెక్క దీనికి ఆధారం. యాజమాన్యాలు ఇప్పటికీ చూపించేది ఆ లెక్కే. అది తప్పు లెక్క కాదు. బిల్లులో సింహభాగం ఏసీలదే కాబట్టి వారి ఆత్రుత అర్థం చేసుకోదగినదే.

తేమను కూడా అంకెల్లో రాసిన సందర్భం కోవిడ్. 2020 జూన్‌లో ఆఫీసులకు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉండాలని, బయటి గాలి వీలైనంత రావాలని ఉంది. విశాఖకు పనికొచ్చే ఆదేశమంటూ ఉంటే అదే. కోవిడ్ తగ్గాక 24 గుర్తుంది, తేమ శాతం మరుగున పడింది.

ఉద్యోగులు చెప్పే తలదిమ్ము కూడా ఊహ కాదు. ఉక్క లోపలికి రాకూడదని చాలాచోట్ల బయటి గాలి వచ్చే దారికి అట్ట అడ్డం పెడతారు, టేపు వేస్తారు. అలాంటి మీటింగ్ గదిలో పది మంది గంటసేపు కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ వెయ్యి పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు) దాటుతుంది. బయట అది 420 దాకా ఉంటుంది. అలాంటి గదిలో ఏసీని 26కి పెంచితే జనం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

మెకానిక్కులు చెప్పే క్రమం వేరు. ముందు తేమ, తర్వాత గాలి, ఆఖరున రిమోట్. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడగాలి. ఫ్యాన్‌ను ఆటోలో పెట్టాలి, కంప్రెసర్ ఆగినప్పుడు అదీ ఆగాలి. స్పీడు తగ్గిస్తే గాలి కాయిల్ మీద నిదానంగా పోయి నీరు ఎక్కువ దిగుతుంది. ఉదయం, సాయంత్రం, వానాకాలంలో తేమ తీసే డ్రై మోడ్ బాగా పనిచేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం దానితో గది చల్లబడదు. నాలుగు ఏసీలున్న హాలులో నాలుగూ ఆగుతూ సాగుతూ ఉంటే రెండు ఆపేసి మిగతా రెండింటిని ఎడతెగకుండా నడిపితే ఎక్కువ నీరు దిగుతుంది. కొత్తది కొనాల్సి వస్తే పాతదాని టన్నులు చూసి కొనకూడదు. సీట్లు, అద్దం, దీపాలు లెక్కేసి కొనాలి, ఇన్వర్టర్‌ది (కంప్రెసర్ మాటిమాటికీ ఆగకుండా వేగం తగ్గించుకుని నడిచేది) కొనాలి. సెంట్రల్ ఏసీ ఉన్న భవనాల్లో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది: కరెంటు ఆదా పేరుతో చిల్లర్ (నీటిని చల్లబరిచి కాయిళ్లకు పంపే యంత్రం) నీటిని ఏడు డిగ్రీల నుంచి పదికి పెంచడం. చిల్లర్ బిల్లు తగ్గుతుంది. కానీ అంత వెచ్చటి కాయిల్ మీద తేమ సరిగా దిగదు, ఫాల్స్ సీలింగ్ పలకల మీద బూజు పట్టవచ్చు.

బయటి గాలి కోసం పెద్ద ఆఫీసులు ఎనర్జీ రికవరీ యూనిట్ పెట్టుకోవచ్చు. బయటికి పోయే చల్లటి పొడిగాలి, లోపలికి వచ్చే ఉక్కగాలి అందులో ఎదురెదురుగా దాటుకుంటాయి. లోపలికి వచ్చే వేడి, తేమల్లో సగానికి పైగా అక్కడే బయటికి పోయే గాలిలోకి చేరిపోతాయి. యాభై మందికి నిమిషానికి 850 ఘనపుటడుగుల సామర్థ్యం కావాలి. బాత్రూమ్ గాలిని దాని గుండా పంపకూడదు.

ఇంత చేశాక సీలింగ్ ఫ్యాన్. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు మోటారు) ఫ్యాన్ గాలి తగిలితే ఒంటికి రెండు మూడు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేసినప్పుడు ఫ్యాన్లు పీకేసిన ఆఫీసులు వాటిని మళ్లీ బిగించకుండా 26 అడగడం సరికాదు. తేమ 60 శాతం లోపు నిలిచి, ఫ్యాన్ తిరుగుతుంటే వారానికి ఒక్కో డిగ్రీ చొప్పున 26కి వెళ్లవచ్చు. అప్పుడు ఎవరూ రిమోట్ కోసం వెతకరు.

బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఆఫీసులకు ఉప్పుగాలి బాధ అదనం. బయట పెట్టిన యూనిట్ల అల్యూమినియం రేకులు తెల్లటి పొడిలా రాలతాయి. వేడి బయటికి పోక కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ దశలో రిమోట్ మీద పెంచిన డిగ్రీ ఇచ్చే ఆదా ఇక్కడ పోతుంది. నెలకోసారి మంచినీళ్లతో, మామూలు పైపుతో కడగాలి. ప్రెషర్ జెట్ పెడితే రేకులు వంగిపోతాయి. కొనేటప్పుడే పూత వేసిన రేకులున్న యూనిట్ అడగాలి, వీలైతే సముద్రానికి ఎదురుగా కాక భవనం చాటున పెట్టాలి.

పర్యావరణం పేరు ఎత్తే సర్క్యులర్లు ఏసీలో చల్లదనం కోసం నింపే గ్యాస్ ఊసు ఎత్తకపోవడం అన్నిటికన్నా బాధ కలిగించేది. ఉప్పు తినేసిన కాయిల్, సరిగా బిగియని ఫ్లేర్ నట్ (గ్యాస్ పైపులను కలిపే నట్) దగ్గర గ్యాస్ కారుతుంది. ఆర్-410ఏ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే రెండు వేల కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీలో ఉండేది ఇంచుమించు ఒక కిలో. బొగ్గే ఎక్కువగా మండే మన గ్రిడ్ లెక్కలో అది దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు. రోజుకు పది యూనిట్లు వాడే ఏసీకి ఒక డిగ్రీ పెంచితే 250 పనిదినాల్లో మిగిలేది 150 యూనిట్లు. ఒక్కసారి గ్యాస్ పోతే ఇరవై ఏళ్ల పొదుపు పోయినట్టే. అయినా లీకు ఎక్కడుందో వెతకకుండా ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపించడం మామూలైపోయింది. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, కీళ్ల దగ్గర సబ్బునురగ వేసి చూసి, లీకు మూసి, వాక్యూమ్ చేసి, కాటాతో తూచి నింపించాలి. ఏ యూనిట్‌కు ఏ తేదీన ఎన్ని గ్రాములు పట్టిందో పుస్తకంలో రాయాలి. ఒకే యూనిట్ రెండోసారి ఆ పుస్తకంలోకి వస్తే దానికి కాయిల్ మార్చాలేమో చూడాలి. కొత్తగా కొనేవాటిలో ఆర్-32 మేలు, భూతాపాన్ని పెంచే దాని శక్తి 410ఏలో మూడో వంతు. దానికి కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి పని తెలిసినవారే బిగించాలి.

కేంద్రం చెప్పిన 20–28 పరిధి వచ్చినా అది ఉష్ణోగ్రత పరిధే. ఆఫీసులో తేమ ఎంతుందో తెలియాలంటే డిజిటల్ హైగ్రోమీటర్ కావాలి, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఏసీ గాలి నేరుగా తగలని చోట, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో పెట్టి పది గంటలకు, మూడు గంటలకు, ఆరు గంటలకు అంకె రాయాలి. మీటరును ముందే సరిచూసుకోవాలి: సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవర్‌లో మూసి ఒక రాత్రి వదిలేస్తే 75 శాతం చూపాలి. 70 చూపితే ఆ మీటరు చెప్పే ప్రతి అంకెకూ ఐదు కలుపుకోవాలి.